రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగిన ఫార్చ్యూనర్ కొనదగినదేనా?

డీజిల్ బండి లక్షన్నర కిలోమీటర్లు దాటితే దాని జోలికి పోకూడదని మా ప్రాంతంలో చాలామంది గట్టిగా నమ్ముతారు. రెండు లక్షలు దాటిందని తెలిస్తే ధర కూడా అడగరు. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో తేల్చుకోవలసిన అవసరం ఈ మధ్య నాకు వచ్చింది. ఒంగోలులో ఒక గ్రానైట్ వ్యాపారి మొదటి నుంచీ తానే వాడుకున్న 2013 నాటి టయోటా ఫార్చ్యూనర్ అమ్మకానికి పెట్టారు. మీటరు మీద 2,46,000 కిలోమీటర్లు ఉన్నాయి, చెప్పిన ధర తొమ్మిదిన్నర లక్షలు. అదే సమయంలో కావలి దగ్గర 2017 నాటి మహీంద్రా స్కార్పియో ఒకటి దాదాపు అదే ధరకు దొరుకుతోందని తెలిసింది. దాని మీటరు 72,000 చూపిస్తోంది. ఇంట్లో అందరూ స్కార్పియో వైపే మొగ్గారు. నాలుగేళ్ళు కొత్తది, మూడో వంతు కూడా తిరగనిది, ఇక ఆలోచించడానికి ఏముందని మా బావమరిది అడిగాడు. ఆలోచించవలసింది చాలా ఉందని నేను అనుకున్నాను, అదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా మా అవసరం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే అవసరం తెలియకుండా ఏ బండి మంచిదో చెప్పడం కుదరదు. నా ఉద్యోగం ఒంగోలులో, అమ్మానాన్నలు ఉండేది కనిగిరి అవతల మా ఊళ్ళో. పొదిలి దాటిన తరువాత మా ఊరి దారి అంత బాగుండదు, వానలు పడితే చివరి భాగం మరీ అధ్వానమవుతుంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నందువల్ల కిందికి ఉండే చిన్న కారులో కూర్చుని లేవడం కష్టం; వైద్యం కోసం నెల్లూరుకో చెన్నైకో తీసుకువెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ ఇబ్బంది మరింత తెలుస్తుంది. ఇంట్లో ఆరుగురం. అందుకని ఎత్తుగా ఉండి, ఏడు సీట్లు కలిగి, దూర ప్రయాణానికి అలసట లేకుండా ఉండే బండి కావాలి. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరుగుతాం. కొత్త బండికి ఇరవై లక్షలు పెట్టే ఉద్దేశం మాకు లేదు.

మీటరు మీది అంకె ఒక్కటే చూసేవారు మరచిపోయే విషయం ఒకటుంది. ఇంజను అరిగేది కిలోమీటర్ల వల్ల మాత్రమే కాదు, అది ఎన్ని గంటలు పనిచేసింది, ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది, ఎంత బరువు మీద ఎంత తక్కువ గేరులో లాగింది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఫార్చ్యూనర్ పన్నెండేళ్ళలో 2,46,000 కిలోమీటర్లు తిరిగిందంటే ఏడాదికి 20,500, రోజుకు సగటున 56 కిలోమీటర్లు. యజమాని వ్యాపారరీత్యా చెన్నైకీ, విజయవాడకూ, హైదరాబాదుకూ తరచుగా వెళ్ళేవారు కనుక అందులో ఎక్కువ భాగం పదహారో నంబరు జాతీయ రహదారి మీద తిరిగినదే. సగటున గంటకు అరవై కిలోమీటర్ల వేగం అనుకుంటే ఆ ఇంజను పనిచేసింది 4,100 గంటలు. స్కార్పియో మాత్రం ఒక రొయ్యల రైతుది; ఇంటి నుంచి చెరువు గట్టుకు, అక్కడి నుంచి మరో చెరువుకు, మేత దుకాణానికి, మళ్ళీ ఇంటికి తిరిగింది. గంటకు పద్దెనిమిది కిలోమీటర్ల సగటు వేస్తే 72,000 కిలోమీటర్లకు 4,000 గంటలు అవుతాయి. మీటర్ల మధ్య మూడు రెట్లకు పైగా తేడా కనిపిస్తున్నా, ఇంజన్లు పడిన శ్రమ ఇంచుమించు సమానం. పైగా కొద్ది దూరాలు తిరిగే బండికి ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ఆపివేసే అలవాటు ఉంటుంది. అటువంటి వాడకంలో ఆయిల్ త్వరగా పాడవుతుంది, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో దగ్గరా, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు దగ్గరా మసి పేరుకుంటుంది, క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది.

అయితే ఈ లెక్క అంతా మీటరు నిజం చెబితేనే పనికివస్తుంది. డిజిటల్ మీటరును తిప్పలేరని అనుకోవడం పొరపాటు. పాత ముళ్ళ మీటరు కన్నా దీనిని తిప్పడమే సులువు. అందుకని నేను మీటరును వదిలి మిగతా సాక్ష్యాలను చూశాను. బ్రేకు పెడలు రబ్బరు ఏ మేరకు నున్నబడింది, డ్రైవరు సీటు తలుపు వైపు అంచు ఎంత కుంగింది, స్టీరింగు మీద చేయి ఆనే చోట తోలు ఎంత మెరుస్తోంది, గేరు రాడ్ మీద అంకెలు చెరిగాయా అన్నవి డెబ్బై వేల బండికీ రెండు లక్షల బండికీ ఒకేలా ఉండవు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 3522 అని ఉంటే 2022లో ముప్పై అయిదో వారంలో తయారైనదని అర్థం. యాభై వేలే తిరిగానని చెప్పే బండికి మూడో జత టైర్లు కనిపిస్తే అక్కడే అనుమానించాలి. అద్దాల మీద కూడా తయారీ సంవత్సరపు గుర్తు ఉంటుంది. అన్ని అద్దాలూ 2013వై ఉండి ఒక్క ముందు అద్దం మాత్రం తరువాతి సంవత్సరానిది అయితే ఎందుకు మార్చవలసి వచ్చిందో అడగాలి.

వీటన్నిటికన్నా బలమైన సాక్ష్యం సర్వీసు చరిత్ర. కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రాలలో బండి నంబరు మీద ప్రతి సర్వీసు తేదీ, ఆనాటి కిలోమీటర్లు, మార్చిన భాగాలు కంప్యూటరులో నమోదై ఉంటాయి. యజమాని సమ్మతిస్తే ఆ చరిత్ర చూపిస్తారు. ఫార్చ్యూనర్ యజమాని నేను అడిగేలోపే రసీదుల ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. పది వేలకు ఒకసారి చొప్పున ఆయిల్ మారుతూ వచ్చింది, కిలోమీటర్లు ఒక రసీదు నుంచి మరొక రసీదుకు పెరుగుతూనే ఉన్నాయి, ఎక్కడా వెనక్కి పోలేదు. స్కార్పియోకు మొదటి మూడేళ్ళ చరిత్ర ఉంది, ఆ తరువాత ఊళ్ళో తెలిసిన షెడ్డులో చేయించామని చెప్పారు. అది అబద్ధమని నేను అనడం లేదు. పల్లెల్లో వారంటీ అయిపోయాక అందరూ చేసే పనే అది. కాకపోతే కొనేవాడికి ఆ నాలుగైదు సంవత్సరాల గురించి మాట తప్ప మరేదీ చేతికి రాదు.

సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూసి వయసు తెలుసుకుంటాడు గానీ, నడిపించి చూడకుండా డబ్బు చేతిలో పెట్టడు. కాగితాలు చూశాక నేనూ మా మెకానిక్‌ను బండి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన కర్నూలు రోడ్డులో డీజిల్ పనులు చేస్తారు, మేమంతా భాయ్ అని పిలుస్తాము. ముందురోజు రాత్రే ఫోను చేసి, “అన్నా, పొద్దున నేను వచ్చేదాకా బండిని సెల్ఫ్ కొట్టొద్దని వాళ్ళకు చెప్పు. వేడి చేసిపెట్టిన బండిని చూసి లాభంలేదు” అన్నారు. తెల్లవారి బానెట్ ఎత్తి చేయి పెట్టి ఇంజను చల్లగా ఉందని నిర్ధారించుకున్న తరువాతే తాళం తిప్పించారు. డీజిల్ ఇంజను ఆరోగ్యం తెలిసేది ఆ మొదటి అర నిమిషంలోనే. సెల్ఫ్ కొట్టగానే అందుకోవాలి. కొద్దిసేపు కనిపించే పలచటి పొగ పోవాలి. తెల్లటి పొగ ఆగకుండా వస్తే డీజిల్ సరిగా మండడం లేదని గానీ, కూలెంట్ లోపలికి చేరుతోందని గానీ అనుమానించాలి. నీలిరంగు పొగ అయితే ఇంజను ఆయిల్ తింటోందని అర్థం. నల్లటి పొగకు కారణాలు చాలా ఉంటాయి, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం మొదలుకొని సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా.

తరువాత ఇంజను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీశారు. పిస్టన్ రింగులు, బోరు అరిగిన ఇంజనులో మండిన వాయువు కిందికి దిగి ఆ మూత దగ్గర ఉప్పెనలా పైకి తన్నుకొస్తుంది; మా మెకానిక్‌లు దానిని బ్యాక్ కంప్రెషన్ అంటారు. మూత తీసి ఆ రంధ్రం మీదే బోర్లించి వదిలితే అది ఎగిరిపడకూడదు. ఫార్చ్యూనర్‌ది కొద్దిగా వణికింది గానీ అక్కడే నిలిచింది. రెండున్నర లక్షలు తిరిగిన ఇంజనుకు అది మంచి లక్షణమేనని భాయ్ అన్నారు.

ఇక్కడ ఈ ఇంజను గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. 2013 నాటి ఫార్చ్యూనర్‌లో ఉన్నది 2,982 సీసీల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను, శక్తి 171 పీఎస్. గట్టి ఇంజనే, కానీ దానికి ఒక బలహీనత ఉంది. ప్రతి ఇంజెక్టరు కింద రాగి వాషరు ఉంటుంది. కాలక్రమంలో అది సరిగా ఆనక సందు ఇస్తే, సిలిండరులో మండిన వాయువు ఆ సందులోంచి పైకి వచ్చి ఇంజను ఆయిల్‌లో మసిగా కలుస్తుంది. ఆ మసి గట్టిపడి కింద ఆయిల్ పంపు నోటి దగ్గర ఉండే జల్లెడను కొద్దికొద్దిగా మూసివేస్తుంది. పైకి బండి బాగానే నడుస్తూ ఉంటుంది. ఒకనాడు ఆయిల్ ప్రెషరు పడిపోయి టర్బో గానీ, బేరింగులు గానీ, ఏకంగా ఇంజనే గానీ పోతుంది. కిలోమీటర్లు ఎక్కువ తిరిగిన ఈ బండిని కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న, రాగి వాషర్లు ఎప్పుడు మార్చారు అన్నదే. ఫైలులో ఆ రసీదు ఒక్కసారే కనిపించింది, అది కూడా చాలా కాలం నాటిది. అందుకని బయానా ఇచ్చే ముందు ఒక షరతు పెట్టాను: ఆయిల్ మార్చే ఖర్చు నాది, ఆ సమయంలో ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పి జల్లెడ చూడనివ్వాలి. యజమాని ఒప్పుకున్నారు. విప్పి చూస్తే జల్లెడ అంచుల వెంట సన్నటి నల్లటి పొర ఉంది, వేలితో గీస్తే మెత్తగా జిగురుగా అంటుకుంది. మధ్యభాగమంతా తీగలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంటే లీకు కొద్దిగా మొదలై ఉండవచ్చు గానీ ముదరలేదు. ఆ జల్లెడను కళ్ళతో చూడడం నా నిర్ణయంలో సగం పని చేసింది.

మరొకటి టైమింగ్ బెల్టు, అంటే వాల్వులూ పిస్టన్లూ ఒక లయలో కదిలేలా చూసే పట్టీ. స్కార్పియోలోని ఎంహాక్ ఇంజనుకు చైను ఉంటుంది, దానిని మార్చే గడువంటూ సాధారణంగా ఉండదు. ఈ ఫార్చ్యూనర్ ఇంజనుకు మాత్రం రబ్బరు బెల్టు. సుమారు లక్షన్నర కిలోమీటర్లకు దానిని మార్చాలి, మీటరు పలక మీద దానికోసమే ఒక హెచ్చరిక దీపం కూడా వెలుగుతుంది. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పై భాగమంతా దెబ్బతింటుంది. ఆ దీపాన్ని బెల్టు మార్చకుండానే ఆర్పివేసే వీలు ఉంది కనుక దీపం వెలగడం లేదన్నది రుజువు కాదు, రసీదే రుజువు. ఈ బండికి 1,52,000 దగ్గర బెల్టు, దానితోపాటు దానిని బిగువుగా ఉంచే టెన్షనరు మార్చిన రసీదు ఉంది. లెక్క ప్రకారం మూడు లక్షల దాకా పరవాలేదు, మా వాడకంలో అది నాలుగున్నరేళ్ళ మాట. కానీ రబ్బరుకు కిలోమీటర్లతోపాటు వయసు కూడా ఉంటుంది కాబట్టి అంతవరకు ఆగకుండా ముందే మార్చించాలని అనుకున్నాను.

గ్రానైట్ వ్యాపారి బండి కనుక దుమ్ము సంగతి విడిగా చూడవలసి వచ్చింది. చీమకుర్తి క్వారీల వైపు వెళ్ళినవారికి ఆ దారి ఎలా ఉంటుందో తెలుసు. గెలాక్సీ గ్రానైట్ రాళ్ళను మోసే లారీల వెనుక నల్లటి బండి అయినా బూడిదరంగుకు తిరుగుతుంది. ఎయిర్ ఫిల్టరు మీద దుమ్ము ఉండడం సహజం, ఉండాలి కూడా, అది దాని పని. చూడవలసింది ఫిల్టరు దాటిన తరువాత టర్బోకు వెళ్ళే గొట్టం లోపలి గోడ. అక్కడ వేలు పెట్టి తీస్తే పొడి దుమ్ము అంటుకుంటే, నాసిరకం ఫిల్టరు వేశారని గానీ, బిగింపు సరిగా లేదని గానీ అర్థం. అలా దాటిన దుమ్ము టర్బో రెక్కలనూ సిలిండరు గోడలనూ గరుకు కాగితంతో రుద్దినంత పని చేస్తుంది. ఈ బండిలో సన్నటి ఆయిల్ తడి తప్ప దుమ్ము లేదు. ఇంజనుకు స్కానరు పెట్టి చూసినప్పుడు నాలుగు ఇంజెక్టర్ల సవరణ విలువల్లో (ఒక్కొక్కదానికి డీజిల్‌ను ఎంత హెచ్చించి తగ్గించవలసి వస్తోందో చూపే అంకెల్లో) ఒకటి మిగతా మూడింటికన్నా కాస్త ఎక్కువగా ఉంది, హద్దు దాటలేదు.

రోడ్డు మీద నడిపినప్పుడు లోపాలు తెలిశాయి. హైవే మీద టంగుటూరు టోల్‌గేటు దాకా వెళ్ళి వచ్చాము. గేర్లు మెత్తగా పడుతున్నాయి, పికప్ బాగుంది, టర్బో దగ్గర ఈల వంటి చప్పుడేదీ లేదు. ఊళ్ళోకి వచ్చాక స్పీడ్‌బ్రేకర్ల మీద మాత్రం ముందు కుడివైపు నుంచి టకటకమని శబ్దం. ముందు సస్పెన్షనులో లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయి, బాల్ జాయింటు కూడా వదులైంది. టైర్లు అరగడం తక్కువే గానీ పాతబడి పక్కన పగుళ్ళిచ్చాయి. క్లచ్ కాస్త పైన అందుకుంటోంది, ఇంకో ముప్పై వేలు నడుస్తుందేమో. వీటిలో ఏదీ భయపడవలసింది కాదు, అన్నీ డబ్బుతో సరిపోయేవే. అయితే ఆ డబ్బు ధరలోంచి తగ్గించుకోవాలి.

స్కార్పియోను చూడడానికి కావలి వెళ్ళినప్పుడు పైపైన దానిలో వంక పెట్టడానికేమీ లేదు. రంగు మెరుస్తోంది, సీట్ల మీద కొత్త కవర్లు, ఇంజను శబ్దం కూడా శుభ్రంగా ఉంది. బండిని ర్యాంపు ఎక్కించి కిందినుంచి చూశాక నా మనసు మారింది. ఛాసిస్‌కు వెనుక వైపున రెండు రేకులు కలిసే అతుకుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచింది, స్క్రూడ్రైవరుతో తడితే పెచ్చులు రాలాయి. బ్రేకు పైపుల బిగింపుల మీదా, షాక్ అబ్జార్బరు బోల్టుల తలల మీదా అదే పరిస్థితి. సముద్రం పక్కన, ఉప్పునీటి చెరువుల గట్ల మీద ఏళ్ళ తరబడి తిరిగే బండికి అడుగున ఉప్పుబురద పట్టి అక్కడే ఎండుతుంది. అది పైన ఎంత కడిగినా పోదు. ఇంజను పాడైతే బాగుచేయవచ్చు, గేర్‌బాక్సు మార్చవచ్చు. ఛాసిస్ తుప్పు పడితే వెల్డింగు చేయించడం తప్ప దారి లేదు, ఆ వెల్డింగు మీద కుటుంబాన్ని కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. కొత్తపట్నం, రామాయపట్నం, అల్లూరు, కృష్ణపట్నం వైపు తిరిగిన ఏ బండినైనా కిందినుంచి చూడకుండా కొనవద్దని అందరికీ చెబుతాను.

మన ప్రాంతంలో మరొక ప్రమాదం వరద బండ్లది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో పల్లపు కాలనీలు నీట మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కూడా కోసుకుపోయింది. అంతకుముందు 2015లో చెన్నై, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు మళ్ళీ చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. నెల్లూరు, ఒంగోలు ఈ రెండు పెద్ద నగరాల నడుమ ఉన్నాయి. మునిగి, ఇన్సూరెన్సు వారు పూర్తి నష్టంగా లెక్కగట్టి వేలం వేసిన బండ్లు మరమ్మతులయ్యాక చుట్టుపక్కల ఊళ్ళకే అమ్మకానికి వస్తాయి. నెల్లూరులో పాత కార్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీ వారు నాకు అటువంటి మహీంద్రా ఎక్స్‌యూవీ 500 ఒకటి చూపించారు. కాగితాలు బాగున్నాయి. సీటు బెల్టును చివరికంటా లాగి చూస్తే, రోజూ బయటికి రాని భాగంలో అడ్డంగా మట్టి గీత ఉంది. కాళ్ళ కింది కార్పెట్ ఎత్తితే సీటు పట్టాల స్క్రూలు తుప్పుపట్టి ఉన్నాయి. అడిగితే కారు వాషింగులో తడిసిందని చెప్పారు, అంతటితో నమస్కారం పెట్టి వచ్చేశాను. వరదలో మునిగిన బండిలో వైర్ల సాకెట్లు లోలోపల పచ్చబడి ఏడాదికో రెండేళ్ళకో ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. ఏ మెకానిక్ కూడా దానికి అంతు చెప్పలేడు.

కాగితాల విషయం త్వరగా చెప్పి ముగిస్తాను. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఈ ఏపీ 27 నంబరు ఫార్చ్యూనర్ గడువు 2028తో తీరుతుంది. పదిహేనేళ్ళు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలకు పెంచారు, దానిపైన హరిత పన్ను ఉంటుంది. పెద్ద భారం కాదు గానీ, మూడేళ్ళ తరువాత అమ్మదలిస్తే కొనేవాడు ఆ గడువు చూపించి బేరమాడతాడు. హైపోథికేషను, అంటే బండి మీద అప్పిచ్చినవారి హక్కు, తీసివేశారో లేదో, చలానాలు పెండింగులో ఉన్నాయో లేదో రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో చూసుకోవాలి. అమ్మేవారు 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేసి ఇస్తే సరిపోదు, బదిలీ పూర్తయ్యేదాకా ఇద్దరూ వెంటపడాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే రిజిస్టరులో పేరున్నవారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కనుక ఇది అమ్మేవారికి కూడా అవసరమే. ఇన్సూరెన్సు పాలసీని పద్నాలుగు రోజుల్లోగా కొన్నవారి పేరు మీదికి మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండితోపాటు రాదు, అది ఆయనకే చెందుతుంది, కాబట్టి పాలసీ మార్చేటప్పుడు ఆ తేడా కట్టవలసి ఉంటుంది.

చివరికి తేల్చింది ఖర్చు లెక్క. భాయ్ వేసిన అంచనా ఇది: నాలుగు టైర్లకు యాభై ఆరు వేలు, ముందు సస్పెన్షను పనికి ముప్పై వేలు, రాగి వాషర్లు, ఆయిల్, ఫిల్టర్లు, కూలీతో కలిపి ఇరవై అయిదు వేలు, బ్యాటరీకి తొమ్మిది వేలు. మొత్తం లక్షా ఇరవై వేలు. క్లచ్ ఇప్పుడు అక్కరలేదు గానీ దానికి నలభై వేలు పక్కన పెట్టమన్నారు. ఈ కాగితాన్నే యజమాని ముందు పెట్టి మాట్లాడాను. జల్లెడ చూడనిచ్చిన మనిషి కనుక బేరం మర్యాదగా సాగింది, ఎనిమిది లక్షల అరవై వేలకు కుదిరింది. పనులతో కలిపి తొమ్మిది లక్షల ఎనభై వేలు. నాలుగేళ్ళ తరువాత అయిదు లక్షలకు పోయినా, అప్పటికి తిరిగే 48,000 కిలోమీటర్ల మీద కిలోమీటరుకు పది రూపాయలు పడుతుంది. ఇరవై లక్షల కొత్త బండి అదే కాలంలో తొమ్మిది లక్షలు తగ్గుతుందనుకుంటే కిలోమీటరుకు పద్దెనిమిది రూపాయలకు పైనే. డీజిల్ విషయంలో మాత్రం ఫార్చ్యూనర్ ఖర్చుదే. లీటరుకు పదకొండు కిలోమీటర్లు, లీటరు వంద రూపాయలు అనుకుంటే ఏడాదికి లక్షా తొమ్మిది వేలు. పదమూడు ఇచ్చే స్కార్పియోకు తొంభై రెండు వేలు. ఏడాదికి పదిహేడు వేల తేడా మేము భరించగలము.

అందుకని కొన్నాము. ఏ పెద్ద మరమ్మతు వచ్చినా తట్టుకోవడానికి లక్షన్నర విడిగా ఉంచుకోగలిగినందువల్లే కొన్నామని కూడా చెప్పాలి. ఉన్న డబ్బంతా ధరకే పోసి, ఇంజెక్టర్లు పోయిన రోజున అప్పు చేయవలసిన స్థితిలో ఉన్నవారు ఈ బండి జోలికి రాకపోవడమే మేలు. ఈ తరగతి బండి ధర తగ్గుతుంది గానీ విడిభాగాల ధర తగ్గదు. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు మాత్రమే, అదీ ఊళ్ళోనే తిరిగేవారికి కూడా ఇది తగదు, పెట్రోలు బండి తీసుకోవాలి.

ఇప్పుడు మా బావమరిదికి కూడా ఆశ పుట్టింది. ఢిల్లీ నంబరున్న ఇదే ఫార్చ్యూనర్ ఆరు లక్షలకే వస్తోందని, ఎన్ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న పత్రం, వాళ్ళే ఇప్పిస్తారని ఫోటోలు పంపించాడు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లను 2015లో హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో నిషేధించినప్పటి నుంచి అక్కడి బండ్లు దక్షిణాదికి చవకగా రావడం మొదలైంది. వాటిలో మంచివి లేవని నేను అనను. అయితే ఆ ఆరు లక్షల మీద ఇక్కడి జీవితకాల పన్ను, రవాణా, ఎన్ఓసీ తిరుగుడు కలుపుకోవాలి. అన్నిటికీ మించి, తెల్లవారుజామున చల్లని ఇంజను దగ్గర నిలబడి చూడలేము, సంపు విప్పించలేము, అమ్మిన మనిషి మళ్ళీ కనిపించడు. భాయ్‌ను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్ళి చూసి వచ్చే ఓపిక ఉంటే కొనమని, లేకుంటే ఫోటోలు చూసి ఒక్క రూపాయి కూడా పంపవద్దని అతనికి చెప్పాను.